పదకొండు వేల అడుగుల దగ్గర వెనుదిరిగాను

మా పుట్టింట్లో సంక్రాంతికి ఊరు విడిచి వెళ్లడమన్న మాట అంతకు ముందెన్నడూ ఎవరి నోటా రాలేదు. ఆ మాట మొదట అన్నది నేను, వెంటనే సరేనన్నది మా పెద్ద వదిన. నేను విశాఖపట్నంలో ఒక కళాశాలలో వృక్షశాస్త్రం బోధిస్తాను. ఇరవై ఏళ్లుగా దేవదారు చెట్టు గురించి పాఠం చెబుతూ కూడా ఒక్కసారైనా దాని నీడన నిలబడలేదన్న వెలితి నన్ను చాలాకాలంగా పట్టి ఉంది. వదినకు యాభై రెండేళ్లు, నాకంటే ఆరేళ్లు పెద్ద. ఆమెకు మంచును చేత్తో ముట్టుకుని చూడాలన్న కోరిక. పండుగ సెలవులకు ముందూ వెనుకా నాలుగు రోజులు కలుపుకుని, ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరానికి గైడుల వెంట బృందంగా నడిచే యాత్రకు ఇద్దరం పేర్లు నమోదు చేయించుకున్నాం. ఆ శిఖరం ఎత్తు సుమారు 12,500 అడుగులు. మేం పుట్టి పెరిగింది సముద్రపు ఒడ్డున. ఈ రెంటి మధ్య తేడాను కాళ్ల బలంతో దాటవచ్చునని నేను గట్టిగా నమ్మాను.

నిర్వాహకులు పంపిన పత్రంలో వయసు, బరువు, రక్తపోటు, మధుమేహం, ఉబ్బసం వంటి వివరాలతో పాటు, గతంలో ఎత్తైన ప్రదేశాల్లో అనారోగ్యం కలిగిందా అన్న ప్రశ్న కూడా ఉంది. అప్పటి వరకు నేను ఎక్కిన పెద్ద ఎత్తు అరకు దారిలోని గాలికొండ కాబట్టి 'లేదు' అని రాశాను. డాక్టరు సంతకంతో ఆరోగ్య ధ్రువపత్రం పంపాలన్నారు, నలభై నిమిషాల లోపు ఐదు కిలోమీటర్లు పరుగు నడకతో పూర్తి చేసిన ఆధారం కూడా అడిగారు. బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున నెలన్నర సాధన చేసి ఆ పరుగు నేను ముప్ఫై ఆరు నిమిషాల్లో ముగించాను. వదినకు ముప్ఫై తొమ్మిదిన్నర నిమిషాలు పట్టింది.

ఎక్కడం అలవాటు కావడానికి మాకు సింహాచలం మెట్లకు మించిన చోటు కనబడలేదు. వారానికి మూడు రోజులు కొండ కింది మొదటి మెట్టైన తొలి పావంచా దగ్గర దణ్ణం పెట్టుకుని, వీపు సంచిలో నీళ్ల సీసాలు నింపుకుని, వెయ్యికి పైగా ఉన్న ఆ మెట్లు ఎక్కి దిగేవాళ్లం. నేను ఎప్పుడూ ముందుండేదాన్ని. పైకి చేరి, చెమట ఆరాక, వదిన కోసం ఎదురుచూసేదాన్ని. వదిన ఏటా ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు అప్పన్న కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ చేసే మనిషి. ఆ నడకలో తొందరపడ్డవాళ్లు హనుమంతవాక దాటకముందే కాళ్లు పట్టేసి కూర్చుంటారని ఆమెకు తెలుసు. అందుకని ఒకే తీరున, మాట్లాడితే ఆయాసం రానంత నెమ్మదిగా ఎక్కేది. "నీకు వేగం ఉంది అమ్మాయీ, నాకు ఓపిక ఉంది," అనేది. ఆ మాటను నేను అప్పట్లో ఆమె తనను తాను సమాధానపరచుకోవడానికి అంటున్నదని అనుకున్నాను.

సామాను గురించి ఎక్కువ చెప్పను. విశాఖలో జనవరిలో కూడా పలుచని శాలువతో గడిచిపోతుంది కనుక మాకు అన్నీ కొత్తగా సమకూర్చుకోవలసి వచ్చింది. మూడు సంగతులు మాత్రం చెప్పుకోదగ్గవి. బూట్లు రెండు నెలల ముందే కొని రోజూ వేసుకుని తిరగాలి, లేకపోతే మొదటి రోజే బొబ్బలెక్కుతాయి. నూలు బట్టలు చెమటను పట్టి ఉంచుకుని చలిలో ఒంటిని మరింత చల్లబరుస్తాయి కాబట్టి వాటిని ఇంట్లోనే వదిలేయాలి. ఒక్క బరువైన కోటు కంటే విప్పుకోవడానికీ వేసుకోవడానికీ వీలైన మూడు నాలుగు పొరల బట్టలే మేలు. వదిన వీటితో పాటు కిలో అరిసెలు, ఒక డబ్బా జంతికలు కూడా సర్దింది.

ఢిల్లీకి ఒకటిన్నర రోజు రైలు ప్రయాణం, అక్కడి నుంచి డెహ్రాడూన్. మర్నాడు ఉదయం ఆరున్నరకు డెహ్రాడూన్ రైల్వే స్టేషను దగ్గర మా బృందం కలిసింది. మొత్తం పద్దెనిమిది మందిమి. తెలుగువాళ్లు మాతో కలిపి ఐదుగురు, మిగిలినవారు పుణె, బెంగళూరు, అహ్మదాబాదుల వాళ్లు. మస్సూరీ మీదుగా యమునను దాటి, పురోలా, మోరీ ఊళ్లు గడిచి, టోన్స్ నది పక్కనే సాగే ఆ రోడ్డు సుమారు 190 కిలోమీటర్లే అయినా పది గంటలు పట్టింది. రూపిన్, సూపిన్ అనే రెండు ఏరులు కలిసి టోన్స్ అయ్యే నైట్‌వాడ్ దగ్గర అటవీశాఖ తనిఖీ కేంద్రంలో రుసుము కట్టి, 1955లో వన్యప్రాణుల కోసం కేటాయించిన గోవింద్ అభయారణ్యంలోకి ప్రవేశించాం. చీకటి పడే వేళకు సంక్రీ చేరాం. రాయినీ దేవదారు దూలాలనూ వరుస మార్చి వరుస పేర్చి కట్టిన ఇళ్లున్న ఆ గ్రామం సుమారు 6,400 అడుగుల ఎత్తున ఉంది.

ఆ రాత్రి మా ముఖ్య గైడు అందరినీ కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడాడు. సంక్రీలోనే పుట్టిన ఇరవై ఏడేళ్ల కుర్రవాడు. పర్వతారోహణలో శిక్షణ పొందినవాడు. ముందు ఒక గైడు, చివర ఒక గైడు ఉంటారనీ, ముందున్నవాణ్ణి దాటి ఎవరూ పోకూడదనీ, చివరివాడి కంటే ఎవరూ వెనకబడకూడదనీ చెప్పాడు. రోజుకు మూడు నాలుగు లీటర్ల నీళ్లు తాగాలన్నాడు. పూటకోసారి వేలికి ఆక్సీమీటరు పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూస్తామన్నాడు. ఆ తరువాత స్వరం మార్చి, తలనొప్పి, వాంతి భావన, ఆకలి లేకపోవడం, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రైనా సరే లేపి చెప్పమన్నాడు. "మీ దగ్గరున్న మాత్రలు నాకు చెప్పకుండా వేసుకోవద్దు. నొప్పి తగ్గితే నాకు మీరు కనబడరు," అన్నాడు. ఆ వాక్యం నాకు బాగా అర్థమైంది, పుస్తకంలో రాసుకున్నాను కూడా.

నడక మొదలైంది భోగి నాడు. ఇంటి దగ్గర అందరూ మంట చుట్టూ చేరిన వేళకు మేం బూట్ల తాళ్లు బిగించుకుంటున్నాం. సంక్రీ నుంచి జూడా కా తాలాబ్ వరకు నాలుగైదు గంటల ఎక్కుడు దారి. మొదట ఓక్ చెట్లు, వాటిని దాటాక పైన్, ఆ పైన దేవదారు. ఎత్తు పెరిగే కొద్దీ చెట్ల జాతులు మారతాయని నల్లబల్ల మీద గీతలు గీసి చెప్పే పాఠం అక్కడ నా పాదాల కింద నడుస్తోంది. దేవదారు బెరడు మీద అరచేయి ఆనించి నిలబడ్డాను. పక్కనున్న పుణె అమ్మాయికి దాని కొమ్మలు నేలకు సమాంతరంగా ఎందుకు పరుచుకుంటాయో, సూదుల్లాంటి ఆకులు గుత్తులుగా ఎలా పుడతాయో వివరిస్తూ ఎంతసేపు ఉండిపోయానో తెలియదు, చివరి గైడు వచ్చి ముందుకు నడవమన్నాడు.

సుమారు 9,100 అడుగుల ఎత్తున ఉన్న జూడా కా తాలాబ్ గడ్డకట్టి ఉంది. శివుడు జడముడి విప్పినప్పుడు జారిన నీటితో ఆ చెరువు ఏర్పడిందని అక్కడివాళ్లు చెబుతారు. వదిన మంచును దోసిట పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం అరిసెలు పంచితే అవి చలికి పలకల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. వంటవాళ్లు వాటిని టీ గిన్నె మూత మీద పెట్టి మెత్తబరచి అందరికీ ఇచ్చారు. ఆ రోజు నా ఆక్సీమీటరు 90 చూపింది, వదినది 91.

రాత్రి పదింటికి నాకు తలనొప్పి మొదలైంది. కణతల దగ్గర, నాడి కొట్టుకున్నట్టు. టెంటులో వదిన నిద్రపోతోంది. చెబితే గైడు ఏమంటాడోనన్న భయం నిజంగానే కలిగింది. కట్టిన డబ్బు, రెండు నెలల మెట్లు, కళాశాలలో అందరికీ చెప్పి వచ్చిన మాట, అన్నిటికంటే ముఖ్యంగా బృందంలో బాగా నడిచేవాళ్లలో నేనొకదాన్నన్న పేరు, ఇవన్నీ కళ్ల ముందు మెదిలాయి. సంచిలోంచి పారాసెటమాల్ తీసి, శబ్దం కాకుండా నీళ్లతో మింగాను. గంటకు నొప్పి సద్దుమణిగింది. ఉదయం గైడు ఒక్కొక్కరి దగ్గరకూ వచ్చి ఎలా ఉందని అడిగినప్పుడు బాగుందని చెప్పాను.

సంక్రాంతి రోజు నడక మంచులోనే. బూట్లకు ఇనుప పళ్ల పట్టీలు తగిలించి, ముందువాడి అడుగులో అడుగు వేయడం నేర్పారు. నాలుగు గంటల్లో సుమారు 11,250 అడుగుల ఎత్తున ఉన్న శిఖర శిబిరానికి చేరాం. ఎదురుగా స్వర్గారోహిణి, బందర్‌పూంఛ్ శిఖరాలు ఎండలో తెల్లగా మెరుస్తున్నాయి. అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు. నాకు మాత్రం వాటిని చూడబుద్ధి కాలేదు. దారిలో రెండో మాత్ర వేసుకున్నా నొప్పి తగ్గలేదు. భోజనంలో వేడి వేడి రాజ్మా, అన్నం పెట్టారు. రెండు ముద్దలు తిని పళ్లెం పక్కన పెట్టాను.

నన్ను పట్టించింది ఆ పళ్లెమే. గైడు వడ్డన దగ్గర నిలబడి ఎవరెంత తింటున్నారో గమనిస్తున్నాడని నాకు అప్పటి దాకా తెలియదు. నా పక్కకు వచ్చి కూర్చుని, "దీదీ, అన్నం ఎందుకు వదిలేశారు?" అని అడిగాడు. ఆకలి లేదన్నాను. వదిన నా ముఖం వంక చూసింది. "అమ్మాయీ, నీ కళ్లు చూస్తే తెలుస్తోంది. దాచకు, చెప్పెయ్," అంది. చెప్పడానికి నోరు తెరిచేలోపే వాంతి అయింది.

ఆ తరువాతి అరగంటను నేను ఎప్పటికీ మరచిపోను. గైడు కేకలు వేయలేదు, తప్పుపట్టలేదు. ఎప్పటి నుంచి నొప్పి, ఏ మాత్ర, ఎన్ని, ఏ వేళకు, అన్నీ వరుసగా అడిగి కాగితం మీద రాసుకున్నాడు. ఆక్సీమీటరు పెట్టాడు, 76. చేతులు వెచ్చబరచి మళ్లీ పెట్టాడు, 77. తొక్కి గట్టిపడిన మంచు మీద కర్రతో గీత గీసి, ఒక పాదం మడమను రెండో పాదం వేళ్లకు ఆనించుకుంటూ దాని మీద నడవమన్నాడు. నడిచాను, తూలలేదు. మెదడులో వాపు మొదలైతే మనిషి ఆ గీత మీద నడవలేడట. పడుకున్నప్పుడు దగ్గు గానీ ఆయాసం గానీ ఉందా అని అడిగాడు, ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం అలా మొదలవుతుంది కనుక. రెండూ లేవని తేలాక, "మీరు ఇప్పుడే కిందికి దిగుతున్నారు," అన్నాడు. ఉదయం వరకు చూద్దామని నేను బతిమాలాను. "ఇక్కడ రాత్రి గడిస్తే తగ్గవచ్చు, పెరగనూవచ్చు. పెరిగితే అర్ధరాత్రి చీకట్లో మిమ్మల్ని మోసుకుని దిగాలి. ఇప్పుడైతే మీ కాళ్ల మీద మీరు దిగుతారు," అన్నాడు. నా దగ్గర దానికి జవాబు లేకపోయింది.

వదిన కూడా నాతో వచ్చేస్తానంది. ఆమె సంచి సర్దుకోవడం మొదలుపెట్టాక నేను ఆమె చేయి పట్టుకుని వద్దన్నాను. ఆ రోజు ఆమె ఆక్సీమీటరు 88, పళ్లెంలో అన్నం మెతుకు మిగల్లేదు. తెల్లవారితే కనుమ, కనుమ నాడు కాకి కూడా కదలదంటారని ఆమె మొదటి నుంచీ కొంచెం మథనపడుతూనే ఉంది. "నా కోసం ఎక్కు వదినా," అని మాత్రం అనగలిగాను.

సహాయక గైడు ఒకడు, సామాను మోసే కుర్రవాడు ఒకడు నాకు తోడు వచ్చారు. చేతిలో వాకీటాకీ, ఒక సంచిలో చిన్న ఆక్సిజన్ సిలిండరు. తలకు కట్టుకున్న లైట్ల వెలుగులో రెండు గంటలు దిగాం. మొదటి గంట నాకు గుర్తున్నదల్లా ముందు నడిచేవాడి బూట్ల మడమలే. రెండో గంటలో, దేవదారు చెట్లు మళ్లీ మొదలైన చోట, నొప్పి కొంచెం సడలినట్టు తోచింది. జూడా కా తాలాబ్ చేరేసరికి ఆకలి వేసింది. వేడి పప్పుచారు లాంటిదేదో గిన్నెలో పోసి ఇస్తే మొత్తం తాగాను. ఉదయం లేచేసరికి తలలో నొప్పి జాడ కూడా లేదు. రెండు వేల అడుగులు దిగడం తప్ప మరే వైద్యమూ జరగలేదు.

ఇందులోని సంగతిని విశాఖ తిరిగి వచ్చాక మా డాక్టరుగారు విడమరచి చెప్పారు. ఎంత ఎత్తుకు పోయినా గాలిలో ఆక్సిజన్ పాలు అదే 21 శాతం. తగ్గేది గాలి ఒత్తిడి. కేదార్‌కంఠ శిఖరం మీద ఆ ఒత్తిడి మన సముద్రతీరంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతుల కంటే కూడా తక్కువ. శరీరం దీనికి అలవాటు పడగలదు కానీ దానికి రోజులు కావాలి. పదివేల అడుగులు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు అర కిలోమీటరు కంటే పెంచకూడదని పర్వత వైద్యులు చెబుతారు. సంక్రీ నుంచి మా మొదటి శిబిరానికి ఒక్క రోజులో ఎనిమిది వందల మీటర్లకు పైగా, అక్కడి నుంచి రెండో శిబిరానికి మరో ఆరు వందల మీటర్లకు పైగా ఎక్కాం. చాలామందికి ఇది సరిపోతుంది, కొందరికి సరిపోదు. ఆ కొందరు ఎవరన్నది ముందుగా చెప్పగలిగే పరీక్ష లేదు. కాళ్ల బలం, పరుగు వేగం దీని నుంచి రక్షించవు సరికదా, బలమున్నవాళ్లు వేగంగా ఎక్కి, బాధను లెక్కచేయక ఎక్కువ ఇబ్బంది పడవచ్చు కూడా. అసిటజోలమైడ్ అనే మందు ముందుగా వాడితే కొంత మేలు. అయితే సల్ఫా మందులు పడనివారు జాగ్రత్త పడాలి కాబట్టి డాక్టరు చెప్పకుండా దాన్ని ముట్టుకోరాదు. నేను మింగిన పారాసెటమాల్ దోషం చేసే మందేమీ కాదని, నేను దాన్ని దాచడం వల్ల గైడుకు పద్దెనిమిది గంటల సమయం పోయిందని ఆయన అన్నారు. ఆ లెక్క నాకు బాగా తగిలింది.

కనుమ నాటి ఉదయం తొమ్మిదింటికి సహాయక గైడు వాకీటాకీ చెవి దగ్గర పెట్టుకుని నా వైపు చూసి బొటనవేలు ఎత్తాడు. బృందంలో పదహారు మంది శిఖరం చేరారు. నాతో పాటు వెనుదిరిగిన మరొకరు అహ్మదాబాదు పెద్దాయన, మోకాలు సహకరించక శిబిరంలోనే ఆగిపోయారు. నేను మెల్లగా సంక్రీకి దిగి, ఆపిల్ తోటల పక్కన ఉన్న బసలో ఆ రోజూ మర్నాడూ గడిపాను. మర్నాడు మధ్యాహ్నం హర్‌గావ్ శిబిరం మీదుగా అందరూ దిగి వచ్చారు.

వదిన పెదవులు పగిలి, ముక్కు చివర ఎండకు కమిలి ఉంది. వేడి నీళ్లతో కాళ్లు కడుక్కున్నాక గానీ ఆమె ఏమీ చెప్పలేదు. రాత్రి రెండున్నరకు బయలుదేరారట. ముందున్న బృందాల తలల మీది లైట్లు కొండ పొడుగునా బారులు తీరి, కార్తిక దీపాల్లా కనిపించాయట. చివరి ఏటవాలు దగ్గర ఎన్నో బృందాలు ఒక్కసారే చేరడంతో అరగంట కదలకుండా నిలబడవలసి వచ్చి కాలివేళ్లు మొద్దుబారాయట. సెలవు రోజుల్లో ఆ కొండ మీదికి పంపే మనుషుల సంఖ్యకు ఒక హద్దు ఉండాలని ఆమె మాట విన్నప్పటి నుంచీ నాకు అనిపిస్తోంది. సూర్యుడు వచ్చే సమయానికి పైకి చేరి, అక్కడున్న చిన్న శివాలయం త్రిశూలం దగ్గర మంచులో రెండు అరిసెలు నైవేద్యం పెట్టిందట. "నా ముందు ఉన్నవాళ్లందరూ నన్ను దాటి పోయినవాళ్లే. తొలి పావంచా దగ్గర నువ్వు పోయినట్టు," అంది. తరువాత కొంచెం ఆగి, "నువ్వు చెప్పి ఉంటే ఆ రోజు జూడా దగ్గర ఇద్దరం ఇంకో రాత్రి ఆగేవాళ్లం కదా," అంది. గైడును అడిగాను. నిజమేనట. ఒక్క రోజు అదనంగా ఆగి, సహాయక గైడుతో తరువాతి బృందంలో కలిసే ఏర్పాటు వాళ్లకు ఉంది; తలనొప్పి తగ్గితే ఎక్కనిస్తారు. నాకు శిఖరం పోయింది ఎత్తు వల్ల కాదు, భోగి నాటి రాత్రి పదింటికి నేను ఊరుకోవడం వల్ల.

బయలుదేరే ముందు మా ముఖ్య గైడుకు నమస్కరించి క్షమాపణ చెప్పాను. ఏటా చలికాలంలో తన బృందాల నుంచి ఎందరినో కిందికి పంపుతానని, వాళ్లలో తిరిగి వచ్చినవాళ్లను మాత్రం పేరుతో సహా గుర్తుపెట్టుకుంటానని అన్నాడు.

ఈ డిసెంబరు చివరి వారానికి మళ్లీ పేర్లు ఇచ్చాం. ఈసారి రెండు రోజులు ముందుగా వెళ్లి సంక్రీలో ఉంటాం, జూడా కా తాలాబ్ దగ్గర రెండు రాత్రులు ఆగేలా నిర్వాహకులతో మాట్లాడుకున్నాం. మెట్ల దగ్గర వదిన ముందు నడుస్తోంది, నేను ఆమె వెనక, ఆమె అడుగు తీసిన మెట్టు మీదే అడుగు వేస్తున్నాను. నిన్న సాయంత్రం ఆ పత్రం మళ్లీ నింపాను. ఎత్తైన ప్రదేశాల్లో అనారోగ్యం కలిగిందా అన్న గడిలో జాగా చాలక వెనక పేజీలోకి వెళ్లి, తేదీ, ఎత్తు, ఆక్సీమీటరు అంకె, వేసుకున్న రెండు మాత్రల పేరూ వేళా రాసి, చెప్పకుండా వేసుకున్నానన్న మాట కూడా చేర్చి సంతకం పెట్టాను.